నూటికి పదకొండు మాటలు

నెట్‌వర్కు తనిఖీ చేసేవాళ్ళకి ఒక మొరటు పద్ధతి ఉంది. ఏ కేబుల్ ఎక్కడికి పోతోందో తెలియకపోతే దాన్ని పీకి, పది అంకెలు లెక్కపెడతారు. ఈలోపు ఏదో ఒక గదిలోంచి ఎవరో ఒకరు "నెట్ పోయిందండోయ్" అని కేకేస్తారు. కేక ఎటునుంచి వస్తే కేబుల్ అటు పోతున్నట్టు. ఎవరూ కేకెయ్యకపోతే అది చచ్చిన తీగ కింద లెక్క, కత్తిరించి పారెయ్యొచ్చు. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో కాత్యాయని అలా కొన్ని వందల కేబుళ్ళు పీకింది. చింతలగండి ఇంజినీరింగ్ కాలేజీలో ఆ బూడిదరంగు కేబుల్ పీకాక మాత్రం మళ్ళీ ఎక్కడా ఆ పని చెయ్యలేదు.

చింతలగండి తునికి పడమరగా, కొండవాలు మీద ఉంటుంది. కాలేజీ పెట్టి ఇరవయ్యారేళ్ళయింది. వచ్చే నెలలో గుర్తింపు కమిటీ రాబోతోంది కాబట్టి పాత నెట్‌వర్కు మొత్తం తీసేసి కొత్తది వేయించాలని యాజమాన్యం నిశ్చయించింది. దానికి ముందు ఏది ఎక్కడుందో, ఎలా పనిచేస్తోందో, ఏది ఉంచాలో ఏది తియ్యాలో ఒక నివేదిక కావాలి. అందుకోసం విశాఖపట్నం నుంచి కాత్యాయని నాలుగు రోజుల పని మీద వచ్చింది.

"మ్యాపు ఇవ్వండి" అని ఆమె అడిగితే ప్రిన్సిపాల్ వీర్రాజుని పిలిచాడు. వీర్రాజు ల్యాబు టెక్నీషియన్. కాలేజీ కట్టినప్పటినుంచీ తీగలు లాగుతున్నవాడు.

"మ్యాపంటే నేనేనండి మేడంగారూ," అన్నాడు వీర్రాజు. "కాయితం మీద ఏదీ లేదండి. ఒకడేసిన తీగ మీద ఇంకొకడేసుకుంటా పోయారు. కొన్నయితే ఎక్కణ్ణించొచ్చి ఎక్కడికెళ్తాయో ఆ భగవంతుడికే తెలియాలండి."

మొదటి రోజంతా ఇద్దరూ నిచ్చెన మోసుకుంటూ తిరిగారు. కాత్యాయని ప్రతి కేబుల్‌కీ పసుపుపచ్చ చీటీ కట్టి, అంకె వేసి, పుస్తకంలో ఎక్కించింది. సాయంత్రానికి నూట నలభై అయ్యాయి. మధ్యాహ్నం అలసిపోయి లైబ్రరీలో కూలబడితే, కౌంటర్ వెనకనుంచి ఒకమ్మాయి ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది.

"టీ తాగండి. మా క్యాంటీన్ టీ అంటే వేడినీళ్ళకి టీపొడి దూరపు చుట్టం. ఇది నేను పెట్టింది."

ఆ అమ్మాయి ప్రణతి. ఇరవయ్యారేళ్ళుంటాయి. లైబ్రరీలో ఉద్యోగం, క్యాంపస్ క్వార్టర్స్‌లోనే ఇల్లు. ఎలక్ట్రానిక్స్ ప్రొఫెసర్ మల్లిపూడి జోగారావు గారి ఒక్కగానొక్క కూతురు. తల్లి చిన్నప్పుడే పోయింది. కుడిచెవి వెనక వినికిడి యంత్రంలాంటిది చిన్నది పెట్టుకుంటుంది. పదిహేడో ఏట మెదడువాపు వచ్చి మాట పోయిందనీ, ఏడాదిపాటు ఒక్క ముక్క పలకలేదనీ, ఆపరేషన్ చేయించి నాన్న ఈ యంత్రం పెట్టించాక మళ్ళీ వచ్చిందనీ తనే చెప్పింది. 

"ఆ ఏడాది బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నానండి," అని నవ్వింది. కాత్యాయనికి ఆ పిల్ల వెంటనే నచ్చేసింది.

"రేపు సాయంత్రం తలుపులమ్మ లోవ గుడికి వెళ్దామనుకుంటున్నాను. నువ్వూ రాకూడదూ?"

ప్రణతి నవ్వు తగ్గింది. "గేటు దాటితే నాకు మాట రాదండి."

"అదేం?"

"భయమంటండి. మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్ళికి అన్నవరం వెళ్ళాను. మూడు గంటలు పందిట్లో బొమ్మలా కూర్చున్నాను. ఎవరు పలకరించినా నోరు పెగల్లేదు. పాపం మూగపిల్ల కాబోలు అనుకున్నారు. మనసు గట్టి చేసుకుంటే అదే పోతుందంటారు నాన్న. ఎనిమిదేళ్ళనుంచీ గట్టి చేసుకుంటూనే ఉన్నానండి. కాకినాడలో మంచి ఉద్యోగం వస్తే అదీ వదిలేసుకున్నాను."

కాత్యాయని టీ తాగేసి లేచింది.

రెండో రోజు పదకొండింటికి లైబ్రరీ పక్కనున్న చిన్నగదిలో ర్యాకు తెరిచింది. ఆ గదికీ లైబ్రరీకీ మధ్య అద్దం. వీర్రాజు బ్యాటరీ లైటు తేవడానికి కిందకి వెళ్ళాడు. ర్యాకులో ఇరవైమూడు కేబుళ్ళున్నాయి. ఇరవైరెండింటికి చీటీలు కట్టేసింది. మిగిలింది ఒక్క బూడిదరంగుది. పేరు లేదు, అంకె లేదు. దాని కొస పట్టుకుని పీకింది. ఒకటి, రెండు, మూడు...

అద్దం అవతల ప్రణతి ఎవరో విద్యార్థినితో మాట్లాడుతోంది. "శుక్రవారంలోపు తిరి" అని ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది. విద్యార్థిని ఎదురుచూస్తోంది.

...తొమ్మిది, పది. ఎక్కడా కేక లేదు. కాత్యాయని కేబుల్ మళ్ళీ పెట్టింది.

"గి ఇచ్చెయ్యాలి," అంది ప్రణతి.

కాకతాళీయం అనుకుంది కాత్యాయని. పద్ధతి ప్రకారం రెండోసారి కూడా పీకి చూడాలి. పీకింది. ఈసారి అంకెలు లెక్కపెట్టలేదు, ప్రణతినే చూస్తూ నిలబడింది. నవ్వుతూ ఏదో చెబుతున్న పిల్ల మధ్యలో ఆగిపోయి, చెయ్యి గొంతు మీద వేసుకుంది. కళ్ళు అటూ ఇటూ పరిగెత్తాయి. నీళ్ళలో పడ్డ మనిషి గట్టు కోసం చూసినట్టు చూసింది.

కాత్యాయని గబగబా పెట్టబోతే కేబుల్ దాని కన్నంలోకి వెళ్ళనంది. రెండుమూడు ప్రయత్నాల తరవాత ఎక్కింది. మూడోసారి పీకి నిర్ధారించుకోవాలని బుద్ధికి తోచింది గాని చెయ్యి లేవలేదు.

వీర్రాజు లైటుతో వచ్చి, ఆమె పట్టుకున్న కేబుల్ చూసి కొయ్యబారిపోయాడు. "అది ముట్టుకోకూడదండి! జోగారావుగారిదండి అది. ఈ కాలేజీలో కరెంటు పోయినా దానికి పోకూడదని వేరే బ్యాటరీలు పెట్టుకున్నారండి. ఎందుకో నేనెప్పుడూ అడగలేదండి."

అప్పుడే ప్రణతి గది తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"ఇందాక మళ్ళీ వచ్చిందండి ఆ భయం. ఇన్నాళ్ళూ గేటు బయటే ఉండేది. ఇవాళ లోపలికొచ్చేసింది." కాత్యాయని చెయ్యి పట్టుకుంది. "ఇక్కడ కూడా మాట పోతే నేనేం చెయ్యనండి?"

కాత్యాయని ఆ పిల్ల చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని నొక్కి, వీర్రాజుని ఆమె దగ్గర కూర్చోబెట్టి, సరాసరి మూడో అంతస్తులో జోగారావు ల్యాబుకి వెళ్ళింది.

జోగారావుకి యాభైతొమ్మిదేళ్ళు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. జరిగింది విని ఆయన మొట్టమొదట అడిగింది ఒక్కటే.

"ఎంతసేపు పీకారమ్మా?"

"పది సెకన్లు, సార్. రెండోసారి లెక్కపెట్టలేదు."

ఆయన కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. తరవాత లేచి, ఇనప బీరువా తెరిచి, అరచేతిలో చింతగింజంత యంత్రం పెట్టి చూపించాడు. ప్రణతి చెవి వెనకున్నదానికి జత అది.

"జ్వరం తగ్గాక దానికి అన్నీ అర్థమయ్యేవి. చెప్పాలని ఉండేది. మాట పుట్టే చోటునుంచి నాలుక్కి పోయే దారి కాలిపోయింది. రాయడానికీ అంతే, అక్షరాలు అందేవి కావు. వెంట్రుకలాంటి తీగలు మెదడులో పెట్టించి, ఏం అనబోతోందో ఇది పట్టుకునేలా చేశాను. పట్టుకున్నదాన్ని మాటగా మార్చి మళ్ళీ నాలుక్కి అందించాలంటే బండెడు లెక్క. దీనికంత శక్తి లేదు. కాలేజీలో మూడువందల నలభై కంప్యూటర్లున్నాయి, ఎప్పుడు చూసినా సగం ఊరికే పడి ఉంటాయి. ఆ లెక్క ఆ బూడిదరంగు తీగ మీదుగా వాటికి పంచాను. రెప్పపాటులో వెళ్ళి రావాలి, ఆలస్యమైతే నాలుక తడబడుతుంది. అందుకే ఈ గోడలు దాటి పంపలేను."

"అంటే గేటు బయట భయం అనేది..."

"భయం లేదు. అక్కడ నా తీగల్లేవు."

"మరి ఆమెకి అలా ఎందుకు చెప్పారు?"

ఆయన యంత్రాన్ని మళ్ళీ బీరువాలో పెట్టి మూశాడు. "భయమంటే ఎప్పటికో పోతుందని ఆశ ఉంటుందమ్మా. నీ మాటలు ఈ కాలేజీ గోడల్లో ఉన్నాయి, జన్మంతా ఇక్కడే ఉండాలి అని పద్దెనిమిదేళ్ళ పిల్లకి ఎలా చెప్పను?"

కాత్యాయనికి కోపం ముంచుకొచ్చింది. కానీ నెల తిరిగేలోపు ఈ తీగలన్నీ పీకేస్తారు. కొత్త నెట్‌వర్కులో ఈ దారి బతికి ఉండాలంటే ఎంత వెళ్తోందో, ఎంత వస్తోందో, ఎంత వేగంగా వస్తోందో కొలిచి రాయాలి. కోపం పక్కనపెట్టి, కొలిచే పరికరం తెచ్చి ఆ కేబుల్ దారిలో పెట్టింది. పన్నెండునుంచి నాలుగు వరకు అది నడిచింది. మాటల్లో ఏముందో చదవలేదు. వాటిని లెక్కపెట్టింది అంతే.

నాలుగింటికి లెక్క చూసి, పరికరం చెడిపోయిందనుకుంది. మళ్ళీ చూసింది. కాగితం మీద రాసుకుని జోగారావు ల్యాబుకి ఎక్కింది.

"సార్, ఇది సరిగ్గా లేదు. నాలుగు గంటల్లో ప్రణతి చెవికి నాలుగువేల నూట ఎనభై మాటలు వెళ్ళాయి. ఆమె దగ్గర్నుంచి వచ్చినవి నాలుగువందల అరవై. మిగతావి ఎక్కణ్ణించి వచ్చాయి?"

"పూరణ," అన్నాడాయన మెల్లగా. "మూడో ఏట అది మాటల మధ్య ఆగి ఆగి అలిసిపోతుంటే చూడలేకపోయాను. అంతవరకు అది మాట్లాడిందంతా కంప్యూటర్లకి నేర్పాను. సంకేతం బలహీనంగా ఉన్నచోట, తను ఏమంటుందో ఊహించి అవే పూరిస్తాయి. సమస్యాపూరణలాగ. ఎక్కడో ఒకటీ అరా."

"ఒకటీ అరా కాదు. లెక్క చూడండి."

ఆయన కాగితం అందుకున్నాడు. పెదవులు కదిపి భాగించుకున్నాడు. "నూటికి పదకొండు," అన్నాడు. మళ్ళీ చేశాడు. పదకొండే వచ్చింది.

"మీ దగ్గర చిట్టా ఉండాలి కదా, సార్? ఎనిమిదేళ్ళది?"

ఉంది. మూడో ఏటినుంచి ఆయన దాన్ని తెరిచి చూడలేదు. ఇప్పుడు వేళ్ళు తడబడుతూ తెరిచాడు. రెండు వరుసలు: ఆమెవి, పూరణవి. పూరణ పెట్టిన రోజున నూటికి తొంభైనాలుగు ఆమెవి. ఏడాదికి డెబ్బై. ఇంకో ఏడాదికి నలభైఎనిమిది. ముప్ఫైఒకటి. పంతొమ్మిది. పదకొండు. చేతికర్ర ఇచ్చాక కాలు నేల మీద ఆనడం మానేసినట్టు, ఏటేటా ఆ పిల్ల తన ప్రయత్నం తగ్గించుకుంటూ వచ్చింది. తగ్గిందని ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే మాటలు ఎక్కడా ఆగలేదు. ఇంకా చురుగ్గా, ఇంకా సరదాగా వస్తూనే ఉన్నాయి.

జోగారావు తెర ముందు నోరు తెరుచుకుని కూర్చుండిపోయాడు. "నిన్న రాత్రి అన్నం తింటూ నాతో గంటసేపు మాట్లాడింది," అన్నాడు. "నేనెవరితో మాట్లాడానమ్మా?"

కాత్యాయనికి నిన్నటినుంచి విన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. టీ గురించి అన్న మాట, పందిట్లో బొమ్మలా కూర్చున్నానన్న మాట, తన చెయ్యి పట్టుకుని అడిగిన మాట, వీటిల్లో ఏవి ఆ పిల్లవో తనకి తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు.

"ఆమెకి చెప్పాలి, సార్."

"చెప్తాను. నిదానంగా..."

"ఇప్పుడే చెప్పాలి. నా నివేదిక ఎల్లుండి ఇవ్వాలి. దాచి రాయలేను. ఇంకొకరి నోట వినే ముందు మీ నోట వినాలి."

అయిదింటికి లైబ్రరీ మూసి ప్రణతి పైకొచ్చింది. జోగారావు "తల్లీ" అని మొదలెట్టి, రెండుసార్లు గొంతు సవరించుకుని, ఇక ముందుకు పోలేకపోయాడు. చివరికి కాత్యాయనే చెప్పింది. కేబుల్ పీకింది తనేనని ముందు ఒప్పుకుంది. తరవాత గేటు సంగతి, పూరణ సంగతి, నూటికి పదకొండు సంగతి, ఏదీ మెత్తగా చుట్టకుండా చెప్పింది. చిట్టా తెర మీద తెరిచే ఉంది. రెండు వరుసలూ అప్పటికప్పుడు కదులుతున్నాయి.

ప్రణతి కదలకుండా విన్నది. అంతా అయ్యాక తండ్రి వైపు తిరిగి, ఎప్పటిలాగే చల్లగా, ఎక్కడా తొట్రుపడకుండా అంది: "పోనీలెండి నాన్నా. మీరు చేసిందంతా నా కోసమే కదా. నాకేం బాధ లేదు. ఇలాగే ఉండనివ్వండి. ఎనిమిదేళ్ళు బాగానే గడిచిపోయాయిగా."

జోగారావు వెక్కి ఏడుస్తూ కూతురి తల నిమరబోయాడు.

"సార్," అంది కాత్యాయని. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "తెర చూడండి."

పూరణ వరుసలో పదిహేను మాటలు పెరిగాయి. ఆమె వరుసలో ఒక్కటి కూడా పెరగలేదు.

జోగారావు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ప్రణతి కూడా తెర వైపు తిరిగింది. ఆ అంకెలు చూసింది. ఆమె పెదవులు అప్పటికే ఇంకో మాట మొదలెట్టేశాయి: "అయ్యో, ఎందుకండీ అందరూ అలా..." కళ్ళనుంచి మాత్రం నీళ్ళు ధారగా కారుతున్నాయి. ముఖం ఒకటి చెబుతోంది, నోరు ఇంకొకటి చెబుతోంది. తన నోరు కదులుతుంటే తనే వింటూ, ఆ పిల్ల భయంతో బిగుసుకుపోయింది. 

ఒక్కసారిగా చెవి వెనక చెయ్యి పెట్టి యంత్రం లాగేసింది.

మాట సగంలో తెగిపోయింది. ల్యాబులో పంకా చప్పుడొక్కటే మిగిలింది. ప్రణతి ఆ చింతగింజని బల్ల మీద పెట్టి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. గొంతులోంచి వచ్చిన ఆ ఏడుపు మాత్రం ఎవరూ పూరించింది కాదు. జోగారావు కూతురి దగ్గరికి వెళ్ళే ధైర్యం లేక గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

చాలాసేపటికి ప్రణతి లేచింది. కళ్ళు తుడుచుకుని తెర దగ్గరికి వెళ్ళింది. తన వరుస మీద వేలు పెట్టి గట్టిగా రెండుసార్లు కొట్టింది. తరవాత పూరణ వరుస మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి, అది కనపడకుండా మూసేసింది. తండ్రిని చూసింది.

"పూరణ తీసెయ్యమంటున్నావా?"

తల ఊపింది.

"ఎనిమిదేళ్ళ కిందటికి పోతావమ్మా. ఒక్కో మాటకి ఎంతసేపు పడుతుందో తెలియదు. అసలు వస్తాయో రావో..."

ఆమె అరచెయ్యి తెర మీదనుంచి తియ్యలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికల్లా ముగ్గురూ మళ్ళీ ల్యాబులో కూర్చున్నారు. సెలవు పెట్టమంటే ప్రణతి తల అడ్డంగా ఊపి, పదింటికి లైబ్రరీ తెరవాలని తాళంచెవులు చూపించింది. తన నివేదికలో ఆ పేజీని కాత్యాయని అప్పటికే రాసేసింది: 'రెండువందల పదిహేడో కేబుల్, బూడిదరంగు. తొలగించరాదు. కొత్త నెట్‌వర్కులోనూ దీనికి విడిగా దారి ఉండాలి. దీని విషయంలో ఏ మార్పుకైనా మల్లిపూడి ప్రణతి అనుమతి తప్పనిసరి.' కింద పూరణ గురించీ, ఎవరి అనుమతీ లేకుండా జరిగిన ప్రయోగం గురించీ ఉన్నది ఉన్నట్టు రాసింది. జోగారావు చదివి, "రాయండి. నా మీద ఏ చర్య తీసుకున్నా సరే. అడగాల్సింది దాన్ని, నేను అడగలేదు" అని తిరిగి ఇచ్చేశాడు. ఆయన కళ్ళు వాచి ఉన్నాయి.

ఆయనే పూరణ ఆపేశాడు. ప్రణతి యంత్రం చెవి వెనక పెట్టుకుంది.

నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. తెర మీద ఆమె వరుసలో గీత సన్నగా లేచి పడిపోతోంది, లేచి పడిపోతోంది. ఆమె నుదుటి మీద చెమట పట్టింది. మెడ నరాలు ఉబ్బాయి. పెదవులు కలుసుకున్నాయి, విడిపోయాయి. శబ్దం లేదు. గుమ్మంలో నిలబడ్డ వీర్రాజు చూడలేక మొహం తిప్పుకున్నాడు.

"న్..." అంది ప్రణతి.

"నాన్నా అనా? ఇక్కడే ఉన్నానమ్మా," అన్నాడు జోగారావు.

ఆమె తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ప్రయత్నించింది. "ను... నూ..."

"నూనె? నువ్వులు? నీళ్ళు కావాలా తల్లీ? వీర్రాజూ, నీళ్ళు..."

ప్రణతి చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. బల్ల అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. తెర మీద గీత లేచింది. ఈసారి పడలేదు.

"నువ్వు," అంది. గొంతు బొంగురుగా, గరుకుగా ఉంది. నిన్నటి వరకు కాత్యాయని విన్న గొంతులా లేదు. నిన్న తండ్రిని ఆ పిల్ల 'మీరు' అనడం కూడా అప్పుడే గుర్తొచ్చింది. 

ఇంకో నిమిషం పట్టింది.

"చెప్పకు."

జోగారావు నోరు మూసుకున్నాడు. తెర మీద ఆమె వరుసలో రెండు మాటలు. ఎదురుగా ఉన్న వరుసలో సున్నా. ప్రణతి చెమట తుడుచుకుని, ఇంకో మాట కోసం మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఈసారి ఎవరూ అందించలేదు. ఎంతసేపయినా సరేనని కూర్చున్నారు.